పీహెచ్‌పీ సీఎంఎస్‌లో మీ స్క్రిప్ట్‌కు కుకీ అందకపోతే ఎక్కడ వెతకాలి, ఎలా సరిచేయాలి

కుకీ అంటే సైట్ మీ బ్రౌజర్‌లో దాచే చిన్న సమాచారం. దాన్ని పంపే సెట్‌కుకీ లైన్ రాశారు. ఎర్రర్ రాలేదు. తీరా చదవబోతే $_కుకీ అర్రేలో ఆ పేరే లేదు. వర్డ్‌ప్రెస్, జూమ్లా, డ్రూపల్ లాంటి సీఎంఎస్‌కు (వెబ్‌సైట్ కంటెంట్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌కు) సొంత స్క్రిప్ట్ జోడించేవాళ్లకు తరచూ ఎదురయ్యే చిక్కు ఇది. పాత్ మార్చడం, గడువు పెంచడం, క్యాష్ ప్లగిన్‌ను (తయారైన పేజీని దాచి మళ్లీ అందించేదాన్ని) ఆపడం అన్నీ ఒకేసారి చేస్తే, ఒకవేళ పనిచేసినా దేనివల్ల పనిచేసిందో తెలియదు. అందుకే కోడ్ ముట్టుకోకముందే కుకీ ఏ దశలో ఆగిపోయిందో తేల్చుకోవాలి.

దశలు ఇవీ. సర్వర్ తన జవాబుతో పాటు సెట్-కుకీ హెడర్ (పేజీ కంటే ముందు వెళ్లే సమాచార లైన్) పంపుతుంది. బ్రౌజర్ ఒప్పుకుంటే దాన్ని దాచుకుంటుంది. తర్వాతి రిక్వెస్ట్‌లో అడ్రస్ సరిపోతేనే కుకీ హెడర్‌గా వెనక్కి పంపుతుంది. పీహెచ్‌పీ ఆ హెడర్‌ను విడదీసి $_కుకీలో పెడుతుంది. ఆ తర్వాత సీఎంఎస్ దాని మీద తన పని తాను చేస్తుంది. వీటిలో ఎక్కడ తెగినా పైకి కనిపించే లక్షణం ఒక్కటే, ఖాళీ విలువ.

ముందు బ్రౌజర్‌లో చూడండి

ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ తెరవండి. ప్రిజర్వ్ లాగ్ బాక్స్‌కు టిక్ పెట్టండి. లేకపోతే లాగిన్ తర్వాత వచ్చే రీడైరెక్ట్‌తో జాబితా చెరిగిపోతుంది, కుకీ సెట్ అయ్యేది సరిగ్గా ఆ చెరిగిపోయిన రిక్వెస్ట్‌లోనే. ఇప్పుడు పేజీని రీలోడ్ చేసి, కుకీ సెట్ చేయాల్సిన రిక్వెస్ట్ మీద నొక్కి, రెస్పాన్స్ హెడర్లలో సెట్-కుకీ ఉందో లేదో చూడండి.

హెడరే లేకపోతే లోపం పీహెచ్‌పీ వైపు. హెడర్ ఉండి పక్కన పసుపు త్రికోణం కనిపిస్తే బ్రౌజర్ తిరస్కరించినట్టు. దాని మీద మౌస్ ఉంచితే కారణం చెబుతుంది. కుకీ నిల్వ అయి కూడా తర్వాతి రిక్వెస్ట్‌లో వెళ్లకపోతే పాత్, డొమైన్, సేమ్‌సైట్‌లలో (కుకీ ఏ ఫోల్డర్‌కు, ఏ హోస్ట్‌కు, వేరే సైట్ నుంచి వచ్చే రిక్వెస్ట్‌లతో వెళ్లాలా అన్నది చెప్పే సెట్టింగులలో) ఒకదాన్ని అనుమానించాలి. క్రోమ్‌లో ఆ రిక్వెస్ట్‌కు చెందిన కుకీస్ ట్యాబ్‌లో, ఆపేసిన కుకీలను కూడా చూపించే చెక్‌బాక్స్ ఒకటి ఉంది. అది పెడితే ఏ కుకీని ఎందుకు పంపలేదో కూడా కనిపిస్తుంది.

రిక్వెస్ట్‌లో కుకీ వెళ్తున్నా స్క్రిప్ట్‌కు అందకపోతే, సీఎంఎస్‌ను లోడ్ చేయని చిన్న పీహెచ్‌పీ ఫైల్ ఒకటి మీ స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టండి. వేరే ఫోల్డర్‌లో పెడితే పాత్ మారి ఫలితం తప్పుదోవ పట్టిస్తుంది. అందులో రెండే పనులు: $_సర్వర్ అర్రేలోని హెచ్‌టీటీపీ_కుకీ విలువను ప్రింట్ చేయడం, $_కుకీ మొత్తాన్ని వార్_డంప్ చేయడం. మొదటిది బ్రౌజర్ పంపిన ముడి హెడర్, రెండోది పీహెచ్‌పీ విడదీసిన రూపం. ఈ ఫైల్‌లో కుకీ కనిపించి సీఎంఎస్ లోపల కనిపించకపోతే మీరు చూడాల్సింది సీఎంఎస్‌ను, లేదా దాని ముందున్న క్యాష్‌ను. ముడి హెడర్‌లో ఉండి $_కుకీ పూర్తిగా ఖాళీగా ఉంటే పీహెచ్‌పీ.ఐఎన్ఐలో వేరియబుల్స్_ఆర్డర్ సెట్టింగ్ చూడండి, అందులో సి అక్షరం ఉండి తీరాలి. $_రిక్వెస్ట్ నుంచి కుకీ చదివే పాత కోడ్ కొత్త సర్వర్‌లో ఆగిపోవడానికి కారణం కూడా ఇలాంటిదే: రిక్వెస్ట్_ఆర్డర్‌లో మామూలుగా జి, పి (గెట్, పోస్ట్) మాత్రమే ఉంటాయి. ఎప్పుడూ $_కుకీ నుంచే చదవండి.

పరీక్ష అయిపోగానే ఆ ఫైల్‌ను తీసేయండి. జావాస్క్రిప్ట్‌కు కనబడకుండా దాచిన సెషన్ కుకీని (సందర్శకుడి లాగిన్‌ను గుర్తుంచే కుకీని) కూడా అది తెరమీద ప్రింట్ చేస్తుంది.

సెట్-కుకీ హెడరే వెళ్లకపోతే

కుకీ వెళ్లేది హెడర్‌లో. పేజీలో ఒక్క అక్షరం బయటికి వెళ్లినా హెడర్ల గడువు ముగిసినట్టే. అప్పుడు సెట్‌కుకీ ఫాల్స్ ఇస్తుంది, లాగ్‌లో "హెడర్స్ ఆల్రెడీ సెంట్" వార్నింగ్ పడుతుంది. లైవ్ సైట్లలో ఎర్రర్లు తెరమీద చూపించరు కాబట్టి ఎర్రర్ లాగ్ తెరవక తప్పదు. ఆ వార్నింగ్‌లో రెండు ఫైళ్ల పేర్లు ఉంటాయి. చాలామంది సెట్‌కుకీ ఉన్న ఫైల్‌ను పట్టుకుని కూర్చుంటారు. సరిచేయాల్సింది దాన్ని కాదు, అవుట్‌పుట్ మొదలైందని చెప్పే ఫైల్‌ను, అక్కడిచ్చిన లైన్ నంబరు దగ్గర.

ఆ లైన్ నంబరు 1 అయితే దాదాపుగా బీఓఎం పనే, లేదా పీహెచ్‌పీ ట్యాగ్‌కు ముందున్న ఖాళీ. యూటీఎఫ్-8 బీఓఎం అంటే ఫైల్ మొదట్లో కంటికి కనిపించని 3 బైట్లు. ఎడిటర్‌లో "బీఓఎం లేకుండా యూటీఎఫ్-8" ఎంచుకుని మళ్లీ సేవ్ చేయండి. లైన్ నంబరు ఫైల్ చివరిదైతే ముగింపు ?> గుర్తు తర్వాత ఖాళీ లైన్లు ఉన్నాయని అర్థం. పీహెచ్‌పీ మాత్రమే ఉన్న ఫైళ్లలో ఆ ముగింపు గుర్తే రాయకపోవడం ఉత్తమం.

ఒక సర్వర్‌లో పనిచేసి ఇంకో సర్వర్‌లో చేయకపోతే అవుట్‌పుట్_బఫరింగ్ విలువ పోల్చండి. అది 4096 ఉన్నచోట మొదటి 4 కిలోబైట్లు బఫర్‌లో ఆగుతాయి కాబట్టి ఆలస్యంగా పిలిచిన సెట్‌కుకీ కూడా నెగ్గుతుంది. బఫరింగ్ లేనిచోట అదే కోడ్ విఫలమవుతుంది. బఫరింగ్ పెంచడం దీనికి పరిష్కారం కాదు, పేజీ పెద్దదైన రోజున మళ్లీ తెగుతుంది. సెట్‌కుకీని ముందుకు జరపాలి.

వర్డ్‌ప్రెస్‌లో థీమ్ టెంప్లేట్‌లోనో షార్ట్‌కోడ్‌లోనో కుకీ సెట్ చేయకండి. షార్ట్‌కోడ్ నడిచే వేళకు సాధారణంగా పేజీ పైభాగమైన హెడర్ టెంప్లేట్ ప్రింట్ అయిపోయి ఉంటుంది. ఇనిట్ హుక్‌కు (నిర్ణీత దశలో వర్డ్‌ప్రెస్ మీ కోడ్‌ను పిలిచే చోటుకు) తగిలించండి. ఏ పేజీ చూస్తున్నారో తెలిశాకే నిర్ణయించాల్సి వస్తే టెంప్లేట్_రీడైరెక్ట్ హుక్ వాడండి, అప్పటికి క్వెరీ పూర్తయి ఉంటుంది, అవుట్‌పుట్ మొదలై ఉండదు. డ్రూపల్‌లో అయితే కుకీని రెస్పాన్స్ ఆబ్జెక్ట్ హెడర్లకు జోడించడం సరైన పద్ధతి.

హెడర్ ఫంక్షన్‌తో సెట్-కుకీని చేత్తో రాసేవాళ్లు రెండో ఆర్గ్యుమెంట్‌గా ఫాల్స్ ఇవ్వడం మరచిపోకూడదు. ఇవ్వకపోతే అంతకుముందు సీఎంఎస్ పంపిన సెట్-కుకీ హెడర్లన్నిటినీ మీది తుడిచేస్తుంది. లాగిన్ నిలబడకపోవడానికి ఇదొక కారణం, పైగా పట్టుకోవడం కష్టం.

సెట్ చేసిన వెంటనే చదవడం, గడువు లెక్క

$_కుకీ నిండేది రిక్వెస్ట్ మొదలైనప్పుడు, ఒక్కసారి మాత్రమే. సెట్‌కుకీ పిలిచినా అదే రిక్వెస్ట్‌లో ఆ అర్రే మారదు. వెంటనే విలువ కావాలంటే సెట్‌కుకీ పక్కనే $_కుకీలో కూడా ఆ విలువను మీరే రాయండి, లేదా రీడైరెక్ట్ చేయండి. సెట్‌కుకీ ట్రూ ఇచ్చిందంటే హెడర్ పంపడానికి సిద్ధమైందనే తప్ప బ్రౌజర్ తీసుకుందని కాదు.

గడువు అంటే ఇప్పటి నుంచి ఎన్ని సెకన్లు అని కాదు, టైమ్‌స్టాంప్ (1970 జనవరి 1 నుంచి లెక్కించే సెకన్లు). 3600 అని రాస్తే అది 1970 జనవరి 1 తొలి గంట, అంటే కుకీ పుట్టగానే చస్తుంది. టైమ్() + 3600 అని రాయాలి. సెషన్ సెట్టింగుల్లో వాడే లైఫ్‌టైమ్ అనే కీ సెట్‌కుకీ ఆప్షన్లలో చెల్లదు, అక్కడ ఎక్స్‌పైర్స్ రాయాలి. విలువగా ఖాళీ స్ట్రింగ్ గానీ ఫాల్స్ గానీ ఇస్తే కుకీ తొలగిపోతుంది. అందుకే అవును, కాదు అనే విలువలకు '1', '0' వాడండి.

ఎంత దూరపు గడువు ఇచ్చినా క్రోమ్ 2022లో వచ్చిన 104వ వెర్షన్ నుంచి 400 రోజులకు కుదిస్తుంది. సఫారీ అయితే జావాస్క్రిప్ట్‌తో పెట్టిన కుకీలను 7 రోజులకే పరిమితం చేస్తుంది. ఎక్కువకాలం ఉండాల్సినవి సర్వర్ నుంచే సెట్ చేయండి.

పాత్, డొమైన్: ఎక్కువ తప్పులు ఇక్కడే

పాత్ ఇవ్వకపోతే బ్రౌజర్ అప్పుడు తెరిచిన అడ్రస్‌లోని ఫోల్డర్‌నే పాత్‌గా తీసుకుంటుంది. మామూలు పీహెచ్‌పీ సైట్‌లో అది ఫైల్ ఉన్న ఫోల్డర్ అవుతుంది. సీఎంఎస్‌లో మాత్రం అన్ని పేజీలనూ ఒకే ఇండెక్స్ ఫైల్ నడిపిస్తుంది, అడ్రస్‌లు మాత్రం /వార్తలు/క్రీడలు/ అన్నట్టు రకరకాలుగా ఉంటాయి. బ్రౌజర్‌కు మీ ఫైల్ ఎక్కడుందో తెలియదు, అడ్రసే తెలుసు. దాంతో అదే కోడ్ సెట్ చేసిన కుకీ ఒక్కో పేజీలో ఒక్కో పాత్‌తో నిల్వ అవుతుంది. ఒక విభాగంలో కనిపించి ఇంకో విభాగంలో మాయమయ్యే కుకీల వెనక ఉన్నది ఇదే.

ఇంతకన్నా మొండి రకం ఇంకోటుంది. పాత్ లేకుండా సెట్ చేసిన పాత కుకీ /బ్లాగ్ పాత్‌తో సందర్శకుల బ్రౌజర్లలో మిగిలి ఉంటుంది. మీరు కోడ్ సరిచేసి అదే పేరుతో / పాత్‌తో కొత్తది పెడతారు. ఆ రెండూ బ్రౌజర్‌కు వేర్వేరు కుకీలే, రెండింటినీ పంపుతుంది, పొడవైన పాత్ ఉన్నదాన్ని ముందు పెడుతుంది. ఒకే పేరుతో రెండు వస్తే పీహెచ్‌పీ మొదటిదాన్నే ఉంచుకుంటుంది. ఫలితంగా ఎన్నిసార్లు సెట్ చేసినా పాత విలువే కనిపిస్తుంది, మీ కంప్యూటర్‌లో కుకీలు చెరిపి చూస్తే మాత్రం అంతా బాగానే ఉంటుంది. పైన చెప్పిన ముడి హెడర్ చూస్తే పేరు రెండుసార్లు రావడం స్పష్టంగా తెలుస్తుంది. పరిష్కారం రెండు విధాలు: పాత పాత్‌ను కచ్చితంగా ఇచ్చి గతకాలపు గడువుతో దాన్ని తొలగించడం, లేదా కుకీకి కొత్త పేరు పెట్టడం. పాత పాత్‌లు ఎన్ని ఉన్నాయో తెలియనప్పుడు పేరు మార్చడమే నయం.

తొలగింపుకూ ఇదే నియమం. పేరు, పాత్, డొమైన్ మూడూ సెట్ చేసినప్పటివే ఇవ్వాలి. ఒకటి తేడా వచ్చినా పాతది అలాగే ఉంటుంది.

డొమైన్ ఇవ్వకపోతే కుకీ సరిగ్గా ఆ హోస్ట్‌కే చెందుతుంది. డబ్ల్యుడబ్ల్యుడబ్ల్యు ఉన్న అడ్రస్‌లో పెట్టింది అది లేని అడ్రస్‌కు వెళ్లదు. సబ్‌డొమైన్లన్నిటికీ కావాలంటే అసలు డొమైన్ పేరు ఇవ్వండి. ముందు చుక్క పెట్టినా పెట్టకపోయినా ఇప్పటి బ్రౌజర్లకు ఒకటే. సబ్‌డొమైన్ల అవసరం లేకపోతే డొమైన్ ఖాళీగా వదిలి, రెండు రూపాల్లో ఒకదాన్ని రెండోదానికి రీడైరెక్ట్ చేయడం సురక్షితం.

వర్డ్‌ప్రెస్‌లో పాత్‌ను చేత్తో రాసే బదులు కుకీపాత్, కుకీ_డొమైన్ కాన్‌స్టంట్‌లు వాడండి. కుకీపాత్ హోమ్ అడ్రస్ నుంచి వస్తుంది కాబట్టి సైట్ సబ్‌ఫోల్డర్‌లో ఉంటే దాని బయటి స్క్రిప్ట్‌లకు ఆ కుకీ చేరదు. లాగిన్ కుకీ పేర్ల చివరి హాష్ (అక్షరాలు, అంకెల కోడ్) సైట్ అడ్రస్ నుంచి తయారవుతుంది. హెచ్‌టీటీపీ నుంచి హెచ్‌టీటీపీఎస్‌కు మారిన రోజున అందరూ లాగౌట్ కావడం, పాత పేరును కోడ్‌లో నేరుగా రాసుకున్న స్క్రిప్ట్‌లు ఆగిపోవడం అందువల్లే.

సెక్యూర్, హెచ్‌టీటీపీ-ఓన్లీ, సేమ్‌సైట్

పీహెచ్‌పీలో $_కుకీ చూపిస్తున్న విలువ జావాస్క్రిప్ట్‌లో డాక్యుమెంట్.కుకీకి కనబడకపోతే హెచ్‌టీటీపీ-ఓన్లీ (కుకీని జావాస్క్రిప్ట్‌కు దాచే గుర్తు) ఉందేమో చూడండి. సెషన్ కుకీకి అది ఉండాల్సిందే, తీసేయకండి. జావాస్క్రిప్ట్‌కు కావాల్సిన సమాచారాన్ని వేరే కుకీలో పెట్టండి.

సెక్యూర్ ఉన్న కుకీ హెచ్‌టీటీపీఎస్‌లోనే ప్రయాణిస్తుంది. చిక్కంతా సైట్ ముందు ప్రాక్సీ (రిక్వెస్ట్‌లను అందుకుని అసలు సర్వర్‌కు చేరవేసే మధ్య సర్వర్) ఉన్నప్పుడు. సందర్శకుడి నుంచి ప్రాక్సీ దాకా హెచ్‌టీటీపీఎస్, అక్కడి నుంచి పీహెచ్‌పీ దాకా మామూలు హెచ్‌టీటీపీ అయితే సీఎంఎస్ తనది భద్రమైన కనెక్షన్ కాదనుకుని కుకీలను తప్పుగా సెట్ చేస్తుంది, ఒక్కోసారి లాగిన్ పేజీ రీడైరెక్ట్‌లలోనే తిరుగుతూ ఉంటుంది. వర్డ్‌ప్రెస్‌లో డబ్ల్యుపీ-కాన్ఫిగ్ ఫైల్‌లో, డబ్ల్యుపీ-సెట్టింగ్స్ లోడ్ అయ్యే లైన్‌కు పైన, ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో హెడర్ హెచ్‌టీటీపీఎస్ అని వస్తే $_సర్వర్‌లోని హెచ్‌టీటీపీఎస్ విలువను 'ఆన్' చేయండి. జూమ్లా కాన్ఫిగరేషన్‌లో లోడ్ బ్యాలెన్సర్ సెట్టింగ్ ఉంది. డ్రూపల్‌లో సెట్టింగ్స్ ఫైల్‌లో రివర్స్_ప్రాక్సీతో పాటు ప్రాక్సీ ఐపీలను కూడా రాయాలి.

సేమ్‌సైట్‌ను పీహెచ్‌పీ 7.3 నుంచి ఆప్షన్ల అర్రేలో ఇవ్వవచ్చు. ఇవ్వకపోతే క్రోమ్ దాన్ని లాక్స్‌గా భావిస్తుంది. లాక్స్ కుకీ వేరే సైట్ నుంచి వచ్చే పోస్ట్ రిక్వెస్ట్‌తో రాదు. పేమెంట్ గేట్‌వే డబ్బు తీసుకుని పోస్ట్‌తో వెనక్కి పంపినప్పుడు సెషన్ పోవడానికి కారణం ఇదే. సేమ్‌సైట్ రాయని కుకీకి మాత్రం, అది సెట్ అయిన మొదటి 2 నిమిషాలు క్రోమ్ ఇందులో మినహాయింపు ఇస్తుంది. అందుకే గబగబా టెస్ట్ చేస్తే పనిచేస్తుంది, నింపాదిగా కార్డు వివరాలు నింపే వినియోగదారుడికి పనిచేయదు. గేట్‌వే నుంచి గెట్‌తో తిరిగి వచ్చేలా మార్చుకోవడం మేలు. కుదరకపోతే ఆ ఒక్క కుకీకే నన్, దానితో పాటు సెక్యూర్ ఇవ్వండి. సెక్యూర్ లేని నన్‌ను క్రోమ్ తిరస్కరిస్తుంది. వేరే సైట్ ఐఫ్రేమ్‌లో (పేజీలో పొదిగిన పేజీలో) నడిచే స్క్రిప్ట్ అయితే నన్ పెట్టినా భరోసా లేదు, సఫారీ 2020 నుంచి థర్డ్ పార్టీ కుకీలను పూర్తిగా ఆపేస్తోంది.

సీఎంఎస్ మార్చేసే విలువలు

వర్డ్‌ప్రెస్ లోడ్ అయ్యేటప్పుడు $_కుకీలోని కోట్ గుర్తులన్నిటి ముందు బ్యాక్‌స్లాష్ చేరుస్తుంది. కుకీలో జేసన్ (డేటాను టెక్స్ట్‌గా రాసే పద్ధతి) దాచి నేరుగా జేసన్_డీకోడ్‌కు ఇస్తే నల్ వస్తుంది. ముందు డబ్ల్యుపీ_అన్‌స్లాష్ చేయండి. అదే కోడ్ వర్డ్‌ప్రెస్ లేని ఫైల్‌లో బాగా నడుస్తుంది కాబట్టి ఈ తేడా చాలాసేపు తికమక పెడుతుంది.

జూమ్లాలో ఇన్‌పుట్ ఆబ్జెక్ట్ గెట్ మెథడ్‌కు మామూలుగా ఉండే ఫిల్టర్ సీఎండీ. అది ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్, చుక్క, హైఫన్ మాత్రమే ఉంచుతుంది. ఖాళీలు, కోట్‌లు, తెలుగు అక్షరాలు అన్నీ ఎగిరిపోతాయి. గెట్‌స్ట్రింగ్ వాడండి. డ్రూపల్ ట్విగ్ టెంప్లేట్‌లో $_కుకీ దొరకదు. ప్రీప్రాసెస్ ఫంక్షన్‌లో రిక్వెస్ట్ ఆబ్జెక్ట్ నుంచి చదివి పంపాలి.

పేరులో చుక్క గానీ ఖాళీ గానీ ఉంటే పీహెచ్‌పీ దాన్ని అండర్‌స్కోర్‌గా మారుస్తుంది. యూజర్.థీమ్ అని పెడితే యూజర్_థీమ్ కింద వెతకాలి. బ్రౌజర్‌లో మాత్రం చుక్కతోనే కనిపిస్తుంది.

సెట్‌కుకీ విలువను పర్సెంట్ కోడ్‌లోకి మారుస్తుంది, జావాస్క్రిప్ట్ మార్చదు. అటువైపు రాసేటప్పుడు ఎన్‌కోడ్‌యూఆర్ఐకాంపొనెంట్, చదివేటప్పుడు డీకోడ్ జోడీ వాడకపోతే సెమికోలన్ దగ్గరే విలువ తెగిపోతుంది. తెలుగు టెక్స్ట్ దాచేవాళ్లు పరిమాణం కూడా గమనించాలి. యూనికోడ్‌లో ఒక్కో తెలుగు గుర్తు 3 బైట్లు, పర్సెంట్ కోడ్‌లో 9 అక్షరాలు. 4096 బైట్ల కుకీలో 450 గుర్తులకు మించి పట్టవు, గుణింతాలు, ఒత్తులు కూడా విడి గుర్తులే. కుకీలో ఐడీ పెట్టి టెక్స్ట్‌ను డేటాబేస్‌లో ఉంచండి.

వర్డ్‌ప్రెస్ రెస్ట్ ఏపీఐని పిలిచినప్పుడు లాగిన్ కుకీ వెళ్లినా యూజర్ ఐడీ 0 వస్తే, ఎక్స్-డబ్ల్యుపీ-నాన్స్ హెడర్ (నాన్స్ అంటే తాత్కాలిక భద్రతా కోడ్) పంపలేదని అర్థం. పంపినా 403 వస్తే పేజీ క్యాష్‌లో నిలవ ఉన్న పాత నాన్స్ వెళ్తోందేమో చూడండి, దాని ఆయుష్షు గరిష్ఠంగా 24 గంటలు.

పేజీ క్యాష్

పేజీలో టైమ్() విలువను హెచ్‌టీఎంఎల్ కామెంట్‌గా ప్రింట్ చేసి, లాగిన్ లేకుండా రెండుసార్లు రీలోడ్ చేయండి. అంకె కదలకపోతే పీహెచ్‌పీ నడవడమే లేదు, ఎవరికో తయారైన పేజీ మీకు వస్తోంది. రెస్పాన్స్‌లో ఏజ్ హెడర్ కూడా ఆ మాటే చెబుతుంది. కుకీని బట్టి మారే పేజీని క్యాష్ నుంచి తప్పించండి (వర్డ్‌ప్రెస్‌లో చాలా ప్లగిన్లు డోనాట్‌క్యాష్‌పేజ్ కాన్‌స్టంట్‌ను గౌరవిస్తాయి), లేదా మారే ముక్కను మాత్రం జావాస్క్రిప్ట్‌తో విడిగా తెప్పించండి. రద్దీ ఉన్న సైట్‌కు రెండోదే సరైనది. డ్రూపల్‌లో కుకీస్ క్యాష్ కాంటెక్స్ట్ పెట్టినా, అనామక సందర్శకులకు వాడే ఇంటర్నల్ పేజ్ క్యాష్ దాన్ని లెక్కచేయదని గుర్తుంచుకోండి. సెట్-కుకీ హెడర్‌తో సహా పేజీని నిల్వచేసే క్యాష్ నియమం ఎక్కడైనా ఉంటే వెంటనే తీసేయండి, ఒకరి సెషన్ ఇంకొకరి చేతికి పోతుంది.

సీఎంఎస్ బయట నడిచే స్క్రిప్ట్

ఫైల్_గెట్_కంటెంట్స్‌కు పూర్తి వెబ్ అడ్రస్ ఇచ్చి మీ సైట్‌లోని స్క్రిప్ట్‌నే పిలిస్తే, అక్కడ అడిగేది సర్వరే కానీ సందర్శకుడి బ్రౌజర్ కాదు. కుకీలు ఉండవు. ఫైల్ పాత్‌తో ఇన్‌క్లూడ్ చేయండి. క్రాన్ (నిర్ణీత సమయాల్లో సర్వర్ తానే స్క్రిప్ట్ నడిపే ఏర్పాటు) నుంచి నడిచేవాటికి కుకీ అన్నదే లేదు, కావలసిన విలువను డేటాబేస్ నుంచి తీసుకోవాలి.

సొంత స్క్రిప్ట్‌లో సెషన్_స్టార్ట్ పిలిస్తే పీహెచ్‌పీ తన మామూలు సెషన్ పేరుతో వెతుకుతుంది. జూమ్లా, డ్రూపల్ సెషన్ కుకీల పేర్లు హాష్‌తో వేరుగా ఉంటాయి, వర్డ్‌ప్రెస్ కోర్ అయితే పీహెచ్‌పీ సెషన్లే వాడదు. లాగిన్ అయిన యూజర్ కావాలంటే కుకీని మీరే విప్పే ప్రయత్నం చేయకుండా డబ్ల్యుపీ-లోడ్ ఫైల్‌ను ఇన్‌క్లూడ్ చేసి వర్డ్‌ప్రెస్‌నే అడగండి. స్క్రిప్ట్‌ను ప్లగిన్‌గా మార్చేస్తే ఇంకా మంచిది.

కుకీ అందడం మొదలయ్యాక దాన్ని నమ్మే ముందు ఒక్క జాగ్రత్త. ఆ విలువను సందర్శకుడు ఎఫ్12తోనే మార్చగలడు. ప్రింట్ చేస్తే హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ గుండా పంపండి, అన్‌సీరియలైజ్‌కు ఎప్పుడూ ఇవ్వకండి. ధర, హోదా లాంటివి కుకీలో పెట్టక తప్పకపోతే హాష్_హెచ్‌మ్యాక్‌తో సంతకం జోడించి, చదివేటప్పుడు హాష్_ఈక్వల్స్‌తో సరిపోల్చండి; తేడా ఉంటే కుకీ రానట్టే లెక్కగట్టండి.